పురాణ శ్రవణము – పరనింద

ద్విపద చెవి కొఱకు పుట్టిన ఛందస్సు. పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దియందు బసవపురాణమును ఏడు ఆశ్వాసముల ద్విపద కావ్యముగా రచించినది పండితుల తాళపత్రపు పెట్టెలలో దాచుటకు కాదు. అక్షరము రాని భక్తుడు సైతము విని తరించుటకు. శతాబ్దుల తరబడి ఆ గ్రంథము మఠములయందును, గుడి మండపములయందును, గృహస్థుల పంచలయందును వినబడుచు వచ్చినది. పురాణము చెప్పు జంగమదేవర కొంత పాడి, నిలిపి, అర్థము విప్పి, వినువారి ముఖములు చూచి ముందుకు సాగెడివాడు. తెలియనిచోట అడుగువారుండెడివారు. ఒక మాటకు ఎవరైన నొచ్చుకొన్నచో ఆ నొప్పి చెప్పువాని కంట పడెడిది.

నేడు శ్రవణము మరల వచ్చినది. కాని చెప్పువాడు ఎదుట లేడు. ఉప్పల్ నుండి వరంగల్లు పోవు మార్గమున మేడిపల్లి కలదు. తెల్లవారినది మొదలు ఆ మార్గమున బస్సులు నిండియుండును. నాచారం పారిశ్రామిక వాడకు పనికి పోవు కార్మికులు, ఉప్పల్‌లో మెట్రో రైలు పట్టుకొను ఉద్యోగులు, కళాశాలలకు పోవు విద్యార్థులు చెవులయందు ఇయర్‌ఫోన్లు పెట్టుకొని పాటలను వినునట్లే పుస్తకములను వినుచున్నారు. చూపు మందగించిన వృద్ధులకును, తెలుగు మాటలాడ నేర్చియు చదువనేరని పిల్లలకును, విదేశములయందు పెరుగుచున్న సంతతికిని ఈ శ్రవ్యగ్రంథములు గొప్ప ఆధారము. మఠములు తమ ప్రాచీన వాఙ్మయమును ఈ రూపమున అందింపబూనుట ఎంతయు శ్లాఘనీయము. అయితే పని ప్రారంభింపగనే ఒక ప్రశ్న ఎదురగును. ప్రాచీన గ్రంథములలో పుట్టుకను బట్టి మనుష్యుని హీనపఱచు మాటలున్నవి. పరమతస్థులను తూలనాడు మాటలున్నవి. వానిని ఉన్నవి ఉన్నట్లు పలుకవలెనా? తొలగింపవలెనా? మార్చి పలుకవలెనా?

ఈ ప్రశ్న ఆంధ్రదేశమునకు మాత్రమే పుట్టినది కాదు. అమెరికాయందు మార్క్ ట్వేన్ వ్రాసిన హకల్‌బెరీ ఫిన్ నవలలో నల్లజాతివారిని అవమానించు ఒక పదము రెండు వందలకు పైగా పర్యాయములు వచ్చును. 2011లో ఆచార్య ఆలన్ గ్రిబెన్ ఆ పదమునకు బదులు ‘బానిస’ అను పదముంచి ఒక ముద్రణ వెలువరింపగా పెద్ద వివాదము చెలరేగినది. 2023లో ఇంగ్లండున రోల్డ్ డాల్ బాలల పుస్తకములందు ప్రకాశకులు పెక్కు మాటలు మార్చిరి. నిరసన రాగా పాత పాఠమును గూడ విడిగా అందుబాటున ఉంచెదమని ప్రకటించిరి. 1939 నాటి గాన్ విత్ ది విండ్ చలనచిత్రమును 2020లో ఒక ప్రసార సంస్థ కొన్నాళ్లు ఆపి, పిమ్మట ఒక విదుషీమణి చెప్పిన ఉపోద్ఘాతముతో మరల చూపినది. 2005లో ఆరంభమైన లిబ్రివాక్స్ అను సంస్థయందు స్వచ్ఛంద పాఠకులు పాత పుస్తకములను మూలమున ఉన్నది ఉన్నట్లే చదువుదురు. ఇట్లు మార్చుట, రెండు పాఠములు ఉంచుట, ఉపోద్ఘాతము చేర్చుట, ఏమియు చేయక చదువుట అని నాలుగు మార్గములు లోకమున కనబడుచున్నవి. అచ్చటి సమస్య వర్ణభేదము. ఇచ్చటి సమస్య కులభేదము, మతద్వేషము. వ్యాధి పేరు వేఱైనను లక్షణమొక్కటియే: పుట్టుకను చూచి మనిషిని తూచుట.

ఏ మార్గము తగునో నిర్ణయించుటకు ముందు గ్రంథమున నున్న నింద ఒక్కటే జాతికి చెందినది కాదని గుర్తింపవలెను. బసవపురాణమును సావధానముగా వినిన యెడల మూడు విధములైన మాటలు వేఱువేఱుగా గోచరించును.

మొదటిది ప్రతిపక్షుల నోటి నింద. అంత్యజ కులమున పుట్టిన శివనాగుమయ్యను బసవన్న గౌరవించుట చూచి విప్రులు బిజ్జలుని కొలువున మొఱపెట్టుకొనిన ఘట్టము ఇందుకు ఉదాహరణము. కులము చెడినది, ఆచారము మంట గలిసినది అని వారు పలుకు పలుకులు నేటి చెవికి ముల్లు వలె గ్రుచ్చుకొనును. కాని కవి ఆ పలుకులను మెచ్చుటకు వ్రాయలేదు. బసవన్న చేత ఖండింపజేయుటకు వ్రాసినాడు. ఆ నిందను తొలగించినచో బసవన్న సమాధానము దేనికి సమాధానమో తెలియకుండ పోవును. రోగమును చెప్పక మందును మాత్రము పొగడినట్లగును.

రెండవది కవి నోటనే, కథానాయకుల నోటనే వచ్చు నింద. ఏకాంత రామయ్య కథ ఇందుకు నిదర్శనము. జైనులతో పందెము వేసి, శిరస్సు ఖండించుకొని మరల పొందిన ఆ వీరభక్తుని వృత్తాంతము పురాణమునందే కాదు, కర్ణాటకమున అబ్బలూరులోని సుమారు 1200 నాటి శాసనమందును కలదు. జినబింబమును భగ్నము చేయుట అందు విజయముగా వర్ణితము. ఇచ్చట నిందను ఖండించువాడు కథలో ఎవడును లేడు. వినువాడు కవితోపాటు సంతోషింపవలెనని కథ కోరును. శివభక్తుడు కానివానిని ‘భవి’ యని వేఱుచేసి, వాని పొత్తు, వాని పంక్తి, వాని పలుకు వర్జింపవలెనను మాటలును ఈ తరగతిలోనివే.

మూడవది అన్నిటికంటె సూక్ష్మమైనది. అది ప్రశంసలో దాగిన నింద. భక్తుల కథలు చెప్పువారు తఱచు ‘హీనకులమున పుట్టినను ఎంత భక్తుడు’ అని మెచ్చుకొందురు. ఆ ‘పుట్టినను’ అను మాటలో పుట్టుక హీనమన్న తీర్పు చెక్కుచెదరక నిలిచియున్నది. మెప్పు ఒక్క భక్తునికి దక్కినది. తీర్పు అతని వాడకంతకు మిగిలినది. కథ విను శ్రోత ఆ వాడలో పుట్టినవాడైనచో, మెప్పు తనకు కాదనియు తీర్పు మాత్రము తనదే అనియు అతనికి వెంటనే తెలియును. ఈ మూడవదానిని కత్తిరింపబూనువారికి సాధారణముగా అది కనబడనే కనబడదు. ఏలయన అది తిట్టు వలె ధ్వనింపదు.

ఇక కులనామము వచ్చినచోటెల్ల నింద యున్నదని భావించుటయు పొరపాటే. మాదార చెన్నయ్య, మడివాళ మాచయ్య, అంబిగర చౌడయ్య, డోహర కక్కయ్య మున్నగు శరణుల పేర్లలో వారి కులమో, కాయకమో నిలిచియున్నది. చోళరాజు గుఱ్ఱములకు గడ్డి కోయు చెన్నయ్య చేతి అంబలిని శివుడు ఆరగించి, రాజు నైవేద్యమునకు ఆకలి లేదన్న కథలో ‘మాదార’ అను మాటయే కిరీటము. బసవేశ్వరుడు తాను చెన్నయ్య ఇంటి దాసుని సంతతివాడనని చెప్పుకొనుటలోని మహత్త్వము ఆ పేరు చెరిపినచో అణగిపోవును. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో తన నవలకు మాలపల్లి యని పేరుంచుట అవమానించుటకు కాదు. పదము ఒక్కటే, పలుకువాని హృదయమును బట్టి అది పూవగును, రాయియగును. కావున నిషిద్ధపదముల పట్టిక యొకటి వ్రాసికొని, యంత్రమువలె ఏరివేయుట ఈ పనికి చాలదు.

కొందఱు పెద్దలు మృదుహృదయముతో చెప్పునది ఒకటి కలదు: ‘భక్తిరసమే ముఖ్యము, నొప్పించు పంక్తులు పది తీసివేసినచో నష్టమేమి?’ ఈ మాటను తేలికగా త్రోసిపుచ్చరాదు. దాని వెనుక నున్నది దయ. అయినను తెలుగు వాఙ్మయ చరిత్రము ఈ విషయమున ఒక పాఠము నేర్పియున్నది. ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును 1887లో ముద్రించినవారు తమకు తగవని తోచిన పద్యములను తొలగించిరి. అంతటితో ఆగక, కవయిత్రి తన వంశమును చెప్పుకొనిన భాగమును గూడ విడిచిరి. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ప్రాచీన ప్రతిని సంపాదించి పూర్ణగ్రంథమును వెలువరించినప్పుడు గాని ఆ గ్రంథకర్త్రి వేశ్యాకులమున పుట్టిన స్త్రీ యని పలువురకు తెలియలేదు. ఆ పూర్ణగ్రంథమును అప్పటి ప్రభుత్వము నిషేధింపగా 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు. అచ్చటి విషయము శృంగారము, ఇచ్చటి విషయము పరనింద. అయినను నీతి యొక్కటే. చెప్పకుండ కత్తి పట్టిన చేయి తాను తొలుత అనుకొన్నచోట ఆగదు. అశ్లీలమని మొదలుపెట్టి ఒక స్త్రీ కులమును, ఉనికిని తుడిచివేసినది. పరనిందయని మొదలుపెట్టి చెన్నయ్య కులమును, దానితో అతని వాడ పడిన బాధను తుడిచివేయదని ఎవరు చెప్పగలరు?

అంతకంటె గంభీరమైన కారణము మఱియొకటి కలదు. నొప్పించు పంక్తులను రహస్యముగా తొలగించుట వలన లాభపడునది నొప్పించబడినవారు కారు, నొప్పించినవారి సంతతి. కడిగిన బసవపురాణమును విను వీరశైవ బాలుడు తన పూర్వులు ఎన్నడును ఎవరిని ద్వేషింపలేదని నమ్మును. జైనుని సంతతికి మాత్రము జరిగినది జ్ఞాపకముండును. ఒక వీధిలో ఇద్దఱు పిల్లలు రెండు చరిత్రలతో పెరుగుదురు. తప్పు దాచినవానికి ఆ తప్పును దిద్దుకొను అవకాశముండదు. ఇష్టలింగము నెదుట అరచేయి చాచి కూర్చుండు భక్తుడు తన మనస్సులోని మాలిన్యమును దాచుకొనుట ఎట్లు పూజ కాదో, గ్రంథమందలి మాలిన్యమును దాచుకొనుటయు అట్లే శ్రద్ధ కాజాలదు.

అట్లయిన ఏమియు చెప్పక, ఉన్నది ఉన్నట్లు చదివి ఊరకుండుటయే న్యాయమా? అదియు కాదు. అచ్చు పుస్తకమునకు అంచులున్నవి. పీఠిక ముందున్నది, అధోజ్ఞాపిక క్రిందనున్నది, ఇష్టములేని పుటను త్రిప్పివేయ చేయియున్నది. 1990లో వెల్చేరు నారాయణరావు, జీన్ రోఘేర్ బసవపురాణమును ఆంగ్లీకరించి ‘శివుని యోధులు’ అను అర్థము వచ్చు పేరుంచిరి; చదువరి మొదటి పుట తెఱవకముందే గ్రంథమందలి ఉగ్రతను ఆ పేరు సూచించును. శబ్దమునకు ఈ అంచులు లేవు. పీఠికను దాటి ఏ ఆశ్వాసమునైనను నొక్కి వినవచ్చును. పైగా అచ్చుమాటను పలుకునది చదువరి మనస్సు. రికార్డు చేసిన మాటను పలుకునది సజీవమైన కంఠము. ఒక మఠము పక్షమున గౌరవనీయమైన స్వరము ఒక నిందను పలికినప్పుడు, ఏడు శతాబ్దుల క్రిందటి మాట నేటి మాటయై చెవిని తాకును. ఊపిరి పోసినవాడు ఆ మాటకు కొంత బాధ్యుడగును.

ఆ మాటలు చచ్చిన మాటలైనచో ఇంత విచారము అక్కఱలేదు. కాని అవి చావలేదు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు ఏమి చూపినవో తెలుగువారు మఱచిపోరాదు. కులము పేరిట నలుగురిలో అవమానించుటను శిక్షార్హము చేయుచు 1989లో పార్లమెంటు ప్రత్యేక శాసనము చేయవలసివచ్చినది. బజారులో పలికినచో నేరమగు మాట పురాణములో వినబడినప్పుడు, వినువాని గుండె ఆ రెంటికి భేదము తనంతట తాను కనుగొనవలెనని కోరుట కాఠిన్యము. మేడిపల్లి ప్రాంతపు శ్రోతలకు ఈ బాధ మఱియొక రూపమున సుపరిచితమే. తెలంగాణపు పలుకుబడిని చాలకాలము తెలుగు సినిమాలలో విదూషకునికిని, దుష్టపాత్రకును అంటగట్టిరి. తమ ఇంటి మాట తెరపై నవ్వుల పాలగుచుండగా హాలులో కూర్చున్నవాని మనస్సు ఎట్లుండునో ఇచ్చటివారికి ఒకరు చెప్పనక్కఱలేదు. ఆ అనుభవమే ఇప్పుడు మార్గదర్శి కావలెను.

‘ఆ కాలమట్టిది, నాటి మాటలను నేటి కొలతతో కొలువరాదు’ అని పలువురు సమాధానము చెప్పుదురు. ఇది వినుటకు నిష్పక్షపాతముగా తోచును. కాని ఈ గ్రంథము విషయమున ఆ సమాధానము నిలువదు. పుట్టుకచే ఎవడును హీనుడు కాడని చాటిన ఉద్యమము 12వ శతాబ్దిలోనే కల్యాణమున పుట్టినది. హరళయ్య ఇంటికిని మధువరసు ఇంటికిని వియ్యము కలిపి, అందుకు కన్నులను, ప్రాణములను మూల్యముగా చెల్లించినవారు ఆ కాలమువారే. ఎదుటివానిని ఏహ్యముగా చూడరాదని, పరుని నిందింపరాదని, ‘వీడెవడు’ అని అడుగక ‘వీడు మనవాడు’ అనవలెనని బోధించిన బసవేశ్వరుడు ఆ కాలమువాడే; సోమనాథునికంటె ముందరివాడు. కావున కొలత నేటిది కాదు. గ్రంథనాయకుని కొలతతోనే గ్రంథమును కొలువవలసియున్నది. అట్లు కొలిచినప్పుడు సోమనాథుడు ఎచ్చట గురువు బోధను మించి వెలిగెనో, ఎచ్చట దానికి తగ్గెనో స్పష్టమగును. భక్తుల నడుమ కులము లేదని అతడు నిర్భయముగా చాటెను. అది కంచె లోపలి సమత. కంచె వెలుపల నున్నవానిపై అతని నోట కాఠిన్యము వెడలినది. గురువు కంచెను తీసివేయ జూచెను; శిష్యుడు దానిని ఒక గజము దూరముగా జరిపి మరల నాటెను. ఇట్లు చెప్పుట కవిని కించపఱచుట కాదు. జాను తెనుగునకు పురాణగౌరవము కలిగించిన ఆ మహాకవి ఈ మాటకు చలించునంత చిన్నవాడు కాడు.

ఇందుకు ఒక ఆక్షేపణ రావచ్చును. నాటి శరణులు అల్పసంఖ్యాకులు, రాజాగ్రహమునకు గురియైనవారు, వారి పరుషవాక్కు బాధితుని కోపమే గాని బలవంతుని దర్పము కాదు. ఈ మాటలో సత్యము కొంత కలదు. ఉపోద్ఘాతమున దానిని చెప్పుటయు న్యాయమే. కాని పలుకువాని బలము మారినప్పుడు పలుకు బరువును మారును. నేడు వీరశైవ మఠములకు విద్యాలయములు కలవు, వసతిగృహములు కలవు, సమాజమున గౌరవము కలదు. బాధితుని నాటి కోపమును బలవంతుని నేటి కంఠముతో పలికినచో అది ఆ కోపము కానేరదు.

కావున నిష్పన్నమగునది ఇది: పాఠము సంపూర్ణముగా ఉండవలెను, చెప్పుమాట ముందుండవలెను. ఆ చెప్పుమాటకును కొన్ని నియమములు కావలెను.

అది క్లుప్తముగా ఉండవలెను, నిర్దిష్టముగా ఉండవలెను. ‘కొందఱికి కొన్ని మాటలు నచ్చకపోవచ్చును’ అను గోడమీది వాక్యము ఎవరికిని ఉపకరింపదు. అది చెప్పువానిని కాపాడునే గాని వినువానిని కాపాడదు. ఎవరిని గూర్చి ఎటువంటి మాట వచ్చుచున్నదో, అది ఎవరి నోట వచ్చుచున్నదో చెప్పవలెను. గ్రంథారంభమున ఒకసారి చెప్పి ఊరకొనక, ఆ కథ వచ్చు భాగమునకు ముందును చెప్పవలెను. ఏలయన వినువాడు ఎచ్చట మొదలిడునో తెలియదు. ఉదాహరణమునకు ఇట్లు చెప్పవచ్చును: ‘ఇప్పుడు వినబోవునది 13వ శతాబ్దినాటి గ్రంథము. శివనాగుమయ్య కథలో కొందఱు ఆ శరణుని పుట్టుకను బట్టి దూషింతురు. బసవన్న ఆ దూషణను ఖండించును. ఏకాంత రామయ్య కథలో జైనులను గూర్చి కవియే పరుషముగా పలికెను. ఆ పలుకులు కవివి. ఈ మఠము వానిని తనవిగా పలుకుట లేదు. పరనింద తగదని బోధించినవాడే ఈ గ్రంథమునకు నాయకుడు. మూలమున ఏ పంక్తియు తొలగింపబడలేదు.’ ఇంతమాత్రము చెప్పుటకు ఒక నిమిషము పట్టదు.

చదువు కంఠమునకును నియమము కలదు. నిందావాక్యమును రుచి చూచుచు, నాటకఫక్కిలో సాగదీసి పలుకరాదు. చెన్నయ్యకును మాచయ్యకును ఒక వికృతమైన యాస అంటగట్టి, విప్రునికిని రాజునకును శుద్ధమైన వాక్కు ఇచ్చుట మఱియొక విధమైన నింద. మూలమున సోమనాథుడు అందఱికిని ఒకే ద్విపదను, ఒకే తెనుగును ఇచ్చినాడు. ఆ సమత్వమును కంఠము చెడగొట్టరాదు.

బాలలకై, పండుగ దినములకై కొన్ని కథలను మాత్రమే ఏర్చికూర్చుట దోషము కాదు. అది కూర్పని పేరులోనే చెప్పవలెను, పూర్ణపాఠము ఎచ్చట దొరకునో తెలుపవలెను. చెప్పి ఏర్చినది కూర్పు. చెప్పక తీసినది కత్తిరింపు. వినదలచనివానికి వినకుండుటకు పూర్ణమైన హక్కు కలదు. తరతరములుగా ఆ మాటలను బజారున విన్నవాడు మరల వానిని భక్తి పేరిట వినవలెనని ఎవరును శాసింపరాదు. ముందుమాట చెప్పుటలోని ప్రధాన ప్రయోజనము ఇదియే: అది వినువానికి ఎంచుకొను స్వేచ్ఛను ఇచ్చును.

రికార్డు చేయుటకు ముందు ఆ భాగములను, వాని ముందుమాటను ఎవరిని గూర్చి ఆ మాటలున్నవో వారికి వినిపించుట ఉత్తమము. ఇది అనుమతి కోరుట కాదు, అనుభవమండపపు మర్యాద. కల్యాణమున అల్లమప్రభువు అధ్యక్షతన శరణులు కూర్చున్నప్పుడు చాకలివాడును, పడవవాడును, చర్మకారుడును తమను గూర్చిన మాటకు తామే సమాధానము చెప్పిరని సంప్రదాయము చెప్పును. ఎవరిని గూర్చి మాటాడుచున్నారో వారు లేనిచోట చర్చ సంపూర్ణము కాదు.

మేడిపల్లి మీదుగా పోవు వరంగల్లు మార్గము ఘట్‌కేసర్, భువనగిరి దాటి ఆలేరు చేరును. ఆలేరునకు సమీపమున కొలనుపాక కలదు. రేణుకాచార్యులు సోమేశ్వరలింగమున ఆవిర్భవించిరని వీరశైవ సంప్రదాయము నమ్ము క్షేత్రమది. ఆ గ్రామముననే దేశమునలుమూలల నుండి జైనులు సేవించు ప్రాచీన జినాలయము కలదు. ఒకే బస్సులో ఇద్దఱు యాత్రికులు ప్రక్కప్రక్కన కూర్చుండి అచ్చటికి పోవుచుందురు. ఒకరు సోమేశ్వరుని సేవకు, ఒకరు ఆదినాథుని సేవకు. ఇంకను ముందుకు పోయినచో జనగామ వచ్చును. ఆ జిల్లాలోనిదే సోమనాథుని జన్మస్థలముగా ప్రసిద్ధికెక్కిన పాలకుర్తి. ఒకే దారిమీద కవియు, నిందించినవారి క్షేత్రమును, నిందింపబడినవారి క్షేత్రమును ఉన్నవి.

శ్రవ్యగ్రంథమును సిద్ధము చేయు మఠమునకు ఇంతకంటె సులభమైన పరీక్ష లేదు. ఆ బస్సులో వీరశైవ యాత్రికుని చెవిలోనున్న పురాణము, ఇయర్‌ఫోను ఊడి, ప్రక్కనున్న జైన యాత్రికునికిని, ముందు వరుసలోని దళిత విద్యార్థికిని ఒకేసారి వినబడినదనుకొందురు గాక. ముందుమాటతో కూడ విన్న పిదప వారు ‘మీ పెద్దలు ఇట్లన్నారా?’ అని అడిగినచో, వీరశైవుడు సిగ్గుతో యంత్రమును ఆపనక్కఱలేక, బుకాయింపనక్కఱలేక, ‘అన్నారు, అది తగదని మా గురువు వారికి ముందే చెప్పియున్నాడు’ అని వారి కన్నులలోనికి చూచి చెప్పగలిగినచో ఆ గ్రంథము సక్రమముగా చదువబడినట్లే.